పల్లపు కంటికి లుక్లా: మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మీద ఒక డెల్టా మనిషి సమీక్ష

కంప్యూటరు మీద విమానం నడిపించే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (నా దగ్గరున్నది 2020 వెర్షన్) కొన్నవాళ్ళలో చాలామంది ముందు ఎయిర్‌బస్ ఎక్కి శంషాబాద్‌లో దిగుతారు. నాకు ఆ సరదా లేదు. రెండు సీట్లదో నాలుగు సీట్లదో చిన్న విమానం తీసుకుని, కొండల మధ్య లోయలోకి వెళ్ళి, వాలుగా ఉన్న చిన్న పట్టీ మీద దిగడం కోసమే దీన్ని కొన్నాను. అమెరికాలో ఐడహో, మోంటానా, అలాస్కాల్లో, ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల మీద ఇది నిజంగా చేసేవాళ్ళున్నారు. గుడారం, వంటసామాను విమానంలో వేసుకుని బయల్దేరతారు. రోడ్డు లేనిచోట గడ్డి మీద దిగి, రాత్రి అక్కడే పడుకుని, తెల్లారాక తిరిగొస్తారు. జీతం కోసం కాదు, సరుకు మొయ్యడానికీ కాదు, ఇష్టం కొద్దీ చేస్తారు. మనవైపు మామూలు మనిషికి అది అందే పని కాదు. అందేది సిమ్యులేటరే. కాబట్టి ఈ సమీక్షలో ఆ ఒక్క పనికి ఇది ఎంతవరకు పనికొస్తుందన్నదే రాస్తాను.

మాది కొత్తపేట. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. లొల్ల లాకుల నుంచి కిందికి మధ్య డెల్టా కాలవల గట్లంట ఎత్తుపల్లాలు చూసే డంపీ లెవెల్, కొలత కర్ర పట్టుకుని తిరిగినవాణ్ణి. ఇక్కడ కాలవకి వాలు ఇవ్వాలంటే మైలుకి ఇన్ని అంగుళాలని లెక్క. ఆ వాలు కంటికి ఆనదు, లెవెల్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాడికి నేలంటే చదునే. అలాంటి కన్ను కొండ మీది రన్‌వేని చూసినప్పుడు ఎంత గట్టిగా మోసపోతుందో ఈ సిమ్యులేటర్ ఉన్నదున్నట్టు చూపిస్తుంది. నా మటుకు దీని విలువంతా అక్కడే ఉంది.

లుక్లా సంగతే తీసుకుందాం. ఎవరెస్టు వైపు నడిచేవాళ్ళు నేపాల్లో దిగే చోటు అది. 1964లో ఎడ్మండ్ హిల్లరీ దగ్గరుండి కట్టించాడు. 2008లో తెన్జింగ్-హిల్లరీ విమానాశ్రయమని పేరు పెట్టారు. రన్‌వే పొడవు 527 మీటర్లు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మన మధురపూడిలో రన్‌వే మూడు కిలోమీటర్లు దాటి ఉంటుంది. లుక్లా సముద్రమట్టానికి 2,800 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, రన్‌వే వాలు 11.7 శాతం. అంటే కింది చివరకీ పై చివరకీ 60 మీటర్ల తేడా. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా గోదావరి దిగే ఎత్తు అందులో మూడో వంతు కూడా ఉండదు. అంత తేడాని అరకిలోమీటరులో పెట్టారక్కడ. దిగేది ఎప్పుడూ ఎగువకే, లేచేది ఎప్పుడూ దిగువకే. కింది అంచు దాటితే లోయ, పై అంచున గోడ, దాని వెనక కొండ. ఒక హద్దు దాటి లోపలికొచ్చాక మళ్ళీ పైకి లేచి చుట్టు తిరిగి రావడమన్నది లేదు.

మోసం ఎక్కడ జరుగుతుందంటే, మామూలు రన్‌వేకి మనం మూడు డిగ్రీల వాలులో దిగుతాం. ఆ కోణంలో రన్‌వే కంటికి ఒక ఆకారంలో కనపడుతుంది, కొన్నాళ్ళకి ఆ ఆకారం మనసులో ముద్ర పడిపోతుంది. లుక్లా రన్‌వే తనంత తానే 6.7 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. మనం సరిగ్గా మూడు డిగ్రీల దారిలోనే వస్తున్నా, రన్‌వేకీ మనకీ మధ్య కోణం దాదాపు పది డిగ్రీలవుతుంది. రన్‌వే నిటారుగా, పొడుగ్గా కనపడి ‘చాలా ఎత్తులో ఉన్నావు, దిగు, దిగు’ అని కన్ను తొందరపెడుతుంది. ఆ మాట విని, కంటికి అలవాటైన ఆకారం కనపడేదాకా దిగుతూ పోయామనుకోండి, లెక్క ప్రకారం విమానం రన్‌వే అంచు కన్నా కిందికి చేరుతుంది. అక్కడున్నది కొండ రాయి. కాగితం మీద త్రికోణం గీసి చూసుకుంటే ఎవరికైనా తేలుతుంది. నేను గీసి, గోడకి అంటించి పెట్టాను.

పక్కింటి కుర్రాడు ఇంటరు ఎంపీసీ చదువుతున్నాడు. పైలట్ కోర్సులో చేరాలని వాడికి పట్టుదల. ఆదివారం పొద్దున్నే వస్తాడు. ఒకసారి లుక్లా లోయలోకి తిప్పి, రన్‌వే కనపడగానే ఇంజను పవర్ తీసేశాడు.

“ఎందుకు తీశావురా?”

“ఎత్తయిపోయామండి తాతగారూ, కనపడట్లేదా?”

“కనపడేది పక్కనపెట్టు. ఆల్టిమీటర్ ఎంత చూపిస్తోంది? రన్‌వే అంచు ఎంతలో ఉంది?”

వాడు చూశాడు. అంచు కన్నా వంద అడుగులే ఎత్తున ఉన్నాం, ఇంకా మైలు దూరముంది. మూడు డిగ్రీల లెక్కలో మైలు (విమానాలవాళ్ళ నాటికల్ మైలు) దూరాన మూడొందల అడుగుల పైన ఉండాలి. వాడు మాట్లాడకుండా పవర్ వేశాడు. ఆ తరవాత వాడు లోయలోకి వెళ్ళేముందే రన్‌వే అంచు ఎత్తు, మైలు దూరాన ఉండాల్సిన ఎత్తు, రెండు మైళ్ళ దూరాన ఉండాల్సిన ఎత్తు చీటీ మీద రాసుకుంటున్నాడు. మేం కాలవ మీద పనిచేసిన పద్ధతీ అదే. ముందు బెంచ్ మార్కు, అంటే ఎత్తు తెలిసిన గుర్తు, తరవాతే గట్టు. వాళ్ళమ్మగారికి ఇదంతా ఆటలాగే ఉంది గానీ, వాడికి త్రికోణమితి ఇప్పుడు ఇష్టమైందని ఆవిడే చెప్పారు.

నేలకి తాకించే పద్ధతి కూడా వేరే. చదును రన్‌వే మీద ముక్కు కొద్దిగా ఎత్తితే చాలు. ఎగువ వాలు మీద విమానం దిగుతున్న దిశ నుంచి ఎక్కుతున్న దిశకి మళ్ళాలి, ముక్కు చాలా ఎక్కువగా ఎత్తాలి. అంతసేపు ఎత్తితే వేగం చచ్చిపోతుంది. కాబట్టి సరిగ్గా ఆ క్షణంలో పవర్ వెయ్యాలి. దిగేటప్పుడు పవర్ వెయ్యడం చేతికి రుచించని పని, అయినా అదే సరైన పని. తాకాక కూడా పవర్ ఉంచి పైదాకా ఎక్కించెయ్యాలి, వాలు మధ్యలో ఆగిపోకూడదు. ఇదంతా సిమ్యులేటర్లో బాగా కుదిరింది. పవర్ వెయ్యకపోతే చక్రాలు దభీమని తగులుతాయి, వేస్తే మెత్తగా ఆనుతాయి. ఆ తేడాని జాయ్‌స్టిక్ మీద చెయ్యి గుర్తుపడుతుంది.

ఇక గాలి. మే నెలలో రాజమండ్రిలో 45 డిగ్రీలు కాసిన రోజున విమానానికి గాలి ఎలా ఉంటుందో తెలుసా? సముద్రమట్టాన ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. ఆ పైన ఒక్కో డిగ్రీకి దాదాపు 120 అడుగులు కలుపుకోవాలి. అంటే నేల మీదే ఉన్నా, ఇంజనుకీ రెక్కకీ 3,600 అడుగుల ఎత్తున ఉన్నట్టే లెక్క. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. లుక్లాలో పొద్దున 10 డిగ్రీలున్నా ఇది 11,000 అడుగుల దాకా వెళ్తుంది. అక్కడ టర్బో లేని చిన్న ఇంజను శక్తిలో మూడో వంతు పోతుంది. మీటరు మీద 60 నాట్స్ చూపిస్తున్నా నిజంగా 71 నాట్స్ వేగంతో వస్తుంటాం. రన్‌వే పొట్టిది, మనం వేగంగా వస్తున్నాం, ఇంజనుకి సత్తువ తగ్గింది. మూడూ ఒకేసారి మీద పడతాయి. సిమ్యులేటర్ సెట్టింగుల్లో మిక్స్చర్‌ని, అంటే ఇంజనుకెళ్ళే గాలిలో ఇంధనం పాళ్ళని, దానంతటదే సర్దుకునే సదుపాయం ఉంటుంది, అది తీసెయ్యండి. ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఎర్ర నాబ్ వెనక్కి లాగి ఇంధనం తగ్గించుకోవడం చేత్తో నేర్చుకోవాలి. అది రాకుండా కొండల్లోకి వెళ్ళడం దండగ.

గాలి కొండల మీద ఎలా పారుతుందో దీన్ని తయారుచేసినవాళ్ళు శ్రద్ధగా పెట్టారు. ఫ్రాన్సులో బోర్డో పట్నానికి చెందిన అసోబో స్టూడియో వాళ్ళ పని ఇది. ఆనకట్ట మీంచి నీరు దూకేటప్పుడు ఎగువన నున్నగా ఉండి దిగువన సుడులు తిరుగుతుంది చూడండి, కొండ శిఖరం దాటిన గాలీ అంతే. గాలి వచ్చే వైపు వాలు మీద విమానాన్ని పైకి ఎత్తుతుంది, దాటిన వైపు కిందికి తోసేస్తుంది. అందుకే శిఖరాన్ని నేరుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా సమీపించమంటారు. కిందికి తోస్తే కొంచెం తిప్పితే చాలు, బయటపడొచ్చు. లోయలో నడిమధ్యన ఎగరకూడదు. ఒక పక్కకి ఒదిగి ఎగిరితే వెనక్కి తిరగడానికి లోయ వెడల్పంతా చేతిలో ఉంటుంది, మధ్యన ఉంటే సగమే ఉంటుంది. గాలి బలంగా ఉన్నరోజు పెట్టుకుని ఇవి చేసి చూడండి, విమానం ఎక్కుతోందో దిగుతోందో చూపే వేరియోమీటర్ ముల్లు అబద్ధం చెప్పదు. వాతావరణం స్విట్జర్లాండుకి చెందిన మీటియోబ్లూ సమాచారం నుంచి అప్పటికప్పుడు వస్తుంది. లుక్లాకి పొద్దున్నే ఎందుకు వెళ్తారో, మధ్యాహ్నానికి ఎందుకు ఆపేస్తారో ఒకే రోజు రెండుసార్లు వెళ్ళి చూస్తే బోధపడుతుంది. నేపాల్ టైము మనకన్నా పావుగంట ముందుంటుంది, పెట్టుకునేటప్పుడు చూసుకోండి.

లుక్లాతోనే మొదలుపెట్టమని మాత్రం చెప్పను. మామూలు ఎడిషన్లో శ్రద్ధగా చేతితో తీర్చిన విమానాశ్రయాలు 30 ఉన్నాయి. వాటిలో కొండలవాళ్ళకి కావలసినవి చాలానే ఉన్నాయి: ఫ్రాన్సులో కుర్షెవెల్, భూటాన్లో పారో, అమెరికాలో టెల్యురైడ్, ఇండోనేషియా వైపు పాపువాలో బుగలగా. కుర్షెవెల్ లుక్లా కన్నా కఠినమైన వాలు, 18.6 శాతం. పొడవు 537 మీటర్లు. నిజంగా అక్కడ దిగాలంటే కొండల్లో ఎగరడానికి ప్రత్యేకమైన అర్హత ఉండాలి. మంచు కురిసిన రోజున అక్కడ రన్‌వేనీ మంచు మైదానాన్నీ వేరు చెయ్యడం కష్టం. బుగలగా నాకు బాగా నచ్చింది. అడవి మధ్య కొండ వీపు మీద మట్టి పట్టీ. దాని చుట్టూ పచ్చదనం మన కోనసీమ పచ్చదనం కన్నా నల్లగా, దట్టంగా ఉంటుంది.

ఐడహో పట్టీలు ఇంకో రకం. అక్కడ ఫ్రాంక్ చర్చ్ అనే సెనేటర్ పేరు మీద పెద్ద అడవి ఉంది. 1980లో దాన్ని మనుషుల కట్టడాలు లేని ప్రాంతంగా ఉంచాలని చట్టం చేసినప్పుడు, అప్పటికే వాడుకలో ఉన్న విమాన పట్టీలని మాత్రం ఉండనిచ్చారు. రోడ్డు వెయ్యకూడదు గానీ విమానం దిగొచ్చు. ఇలాంటి పట్టీలు మూతపడకుండా చూడ్డానికి 2003లో మోంటానా పైలట్లు కలిసి రిక్రియేషనల్ ఏవియేషన్ ఫౌండేషన్ అని పెట్టుకున్నారు. చేతులతో గడ్డి కోసి, రాళ్ళు ఏరి, పట్టీలని కాపాడుకుంటున్నారు. పూడిక తియ్యకపోతే కాలవ ఏమవుతుందో ఏళ్ళ తరబడి చూసినవాణ్ణి కాబట్టి వాళ్ళ మీద నాకు గౌరవం. ఆ అడవిలోని చిన్న పట్టీల కోసం సిమ్యులేటర్ అభిమానులు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన సీనరీలు దొరుకుతాయి, వెతికి వేసుకోండి. ఆ అడవి హద్దుకి బయటే ఉన్న జాన్సన్ క్రీక్‌తో మొదలుపెడితే మంచిది. గడ్డి రన్‌వే, పొడవు 3,400 అడుగులు, కొత్తవాణ్ణి మన్నిస్తుంది.

మనవాళ్ళకి సాధన కోసం ఇంకా దగ్గరి దారి ఒకటుంది. మధురపూడిలో సెస్నా 172 ఎక్కి, నది పట్టుకుని ఎగువకి పాపికొండల దాకా వెళ్ళండి. అక్కడ దిగడానికి పట్టీ లేదు, దిగనక్కర్లేదు. కొండల మధ్య నది ఇరుకైన చోట ఒక పక్కకి ఒదిగి ఎగరడం, వేగం తగ్గించి ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే రేకులు) వేసి చిన్న చుట్టులో వెనక్కి తిరగడం, ఇవి రెండూ సాధన చెయ్యండి. వేగం తగ్గితే చుట్టు చిన్నదవుతుంది, కొండల్లో ప్రాణం కాపాడేది ఆ చిన్న చుట్టే. తిరుగు ప్రయాణంలో ధవళేశ్వరం బ్యారేజి మీదుగా వస్తే, నది గౌతమిగా, వశిష్ఠగా చీలే చోటు పైనుంచి కనపడుతుంది. దాన్ని మ్యాపుల్లో గీసిన చేతులతో అక్కడ విమానం తిప్పడం నాకు చెప్పలేనంత సంతోషం. ఆ సంతోషానికే డబ్బులు చెల్లిపోయాయి.

విమానాల్లో ఈ పనికి ఎక్స్‌కబ్ మంచిది. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో తయారయ్యే విమానం. ముక్కు కింద కాకుండా తోక కింద చక్రం ఉంటుంది, పెద్ద టైర్లు, తక్కువ వేగంతో తేలిపోతుంది. సావేజ్ కబ్ ఇంకా తేలిక, కానీ లుక్లా ఎత్తుకి దాని ఇంజను చాలదని నా అభిప్రాయం. సామానుతో దిగాలనుకుంటే సెస్నా కారవాన్ ఉంది. 2022 నవంబరులో ఈ సిమ్యులేటర్ సిరీస్‌కి 40 ఏళ్ళు నిండిన సందర్భంగా ఉచితంగా ఇచ్చిన విమానాల్లో డి హావిలాండ్ బీవర్ కూడా ఉంది. 1947లో మొదటిసారి ఎగిరిన విమానం, అడవుల్లో, సరస్సుల్లో, కొండల్లో దిగడానికే పుట్టింది. దాని ఇంజను చప్పుడు కోసమైనా ఒకసారి ఎక్కండి.

లేనివేమిటో కూడా చెప్పాలి. ఒంటికి తెలిసేదేదీ ఇందులో లేదు. నిజం విమానంలో గాలి కిందికి తోసినప్పుడు కడుపులో తెలుస్తుంది, వేగం తగ్గినప్పుడు చేతికీ సీటుకీ తెలుస్తుంది. ఇక్కడ కన్నూ చెవే ఆధారం. తెర చదునుగా ఉంటుంది కాబట్టి లోయలో పక్కలకి చూడ్డం చాలా ఇబ్బంది. తల తిప్పితే చూపు తిరిగే పరికరాలున్నాయి, కొండల్లో ఎగిరేవాళ్ళకి పెద్ద తెర కన్నా ముందు కొనాల్సింది అదే. మారుమూల కొండల్లో ఫోటోలు సరిగా లేనిచోట నేల మొద్దుగా ఉంటుంది, రాయీ చెట్టూ ఒకటిగా కలిసిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, భయం లేదు. కొండకి కొట్టినా మీట నొక్కితే మళ్ళీ మొదటికొస్తాం. దీనికి మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. కూలితే ఆ రోజుకి కంప్యూటరు ఆపెయ్యాలి. కుర్రాడికి ఇది నచ్చదు, అయినా వాడి చేత పాటింపజేస్తున్నాను. ఆ నియమం వచ్చాకే వాడు అనుమానం వచ్చినచోట దిగకుండా వెనక్కి తిరగడం నేర్చుకున్నాడు. ల్యాండింగ్‌కి దారి చూపించే గీతలు, కూలినా ఏమీ కానట్టు ఉంచే సదుపాయం, రెండూ మొదటిరోజే తీసేశాం.

ఇక కొనే సంగతి. కంపెనీవాళ్ళు సిఫార్సు చేసినది 16 జీబీ మెమరీ, జీటీఎక్స్ 970 లాంటి గ్రాఫిక్స్ కార్డు, 150 జీబీ ఖాళీ జాగా. కంప్యూటరు మీద ఖర్చు ఎందుకనుకుంటే, 2021 జూలై నుంచి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌ల మీదా నడుస్తుంది. నేల ఫోటోలు ఎగురుతుండగా నెట్ మీద వస్తాయి కాబట్టి ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు నెట్ ముందు చూసుకోవాలి. మా కేబుల్ నెట్ వానాకాలంలో నమ్మకం లేదు. వెళ్ళబోయే లోయని ముందే డౌన్‌లోడ్ చేసి దాచుకునే వీలుంది, నేను లుక్లా చుట్టూ, పాపికొండల చుట్టూ అలా దాచిపెట్టాను. యూపీఎస్ తప్పనిసరి. జాయ్‌స్టిక్ ఐదు వేల లోపుది తీసుకున్నాను, పనికి సరిపోతోంది. కానీ తోక చక్రం విమానాలు నడపాలంటే కాళ్ళ పెడల్స్ కావాలి. జాయ్‌స్టిక్ మెలితిప్పి నేల మీద తిన్నగా నడపడం ఎప్పటికీ సరిగా కుదరదు. డబ్బు సర్దుకోవాల్సి వస్తే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు తగ్గించి పెడల్స్ కొనుక్కోండి.

2024 నవంబరులో దీని కొత్త వెర్షన్ వచ్చింది. నేను 2020 దానితోనే ఉన్నాను. కొండ పట్టీల మీద దిగడం నేర్చుకోవడానికి ఇది చాలు. ఈ వేసవిలో కుర్రాడికి పరీక్షలు అయ్యాక బుగలగా నుంచి చుట్టుపక్కల పట్టీలన్నీ కారవాన్ మీద ఒక్కొక్కటిగా దిగాలని ఇద్దరం కాగితం వేసుకున్నాం.